‘వద్దు’ అన్న ఒక నాన్న గురించి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో మాటల మధ్య మళ్లీ ఆ టూర్ సంగతి వచ్చింది. "ఆ రోజు నన్ను పంపించి ఉంటే..." అని ఆగిపోయావు. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. లేచి ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా పెట్టుకున్నాను.

‘ఎల్ దియా కె మె కియెరాస్’ అని స్పానిష్ సినిమా, 1935 నాటిది. ‘నువ్వు నన్ను ప్రేమించే రోజు’ అని అర్థం. మన తెలుగు టాకీ పుట్టి అప్పటికి మూడేళ్లే. హీరో కార్లోస్ గార్డెల్. టాంగో అంటే అర్జెంటీనా వాళ్ల నాట్య సంగీతం. ఆ పాట అంటే ఇప్పటికీ ముందు ఆయన పేరే చెబుతారు. అర్జెంటీనా కథే కానీ తీసింది న్యూయార్క్‌లో. కలవారి అబ్బాయి తండ్రి మాట కాదని డాన్సర్‌ని పెళ్లి చేసుకుంటాడు, లేమిలో ఆమె చనిపోతుంది, కూతుర్ని పెంచుకుంటూ అతను పెద్ద గాయకుడవుతాడు. తల్లీ కూతురూ రోసితా మొరెనోయే, మన సినిమాల్లోలా డబుల్ రోల్. ఏళ్ల తర్వాత ఓడ మీద సొంత ఊరికి తిరిగొస్తూ ‘వొల్వేర్’ పాడతాడు. దూరంగా మిణుకుమనే దీపాలు, నెరిసిన కణతలు, అదీ పాట. భాష రాకపోయినా ఆ గొంతులో బరువు నాకు తెలిసింది.

కానీ నీకు చెప్పాలనుకున్నది ఆయన గురించి కాదు. అందులో పేపర్లు అమ్మే కుర్రాడు ఒకడు కనిపిస్తాడు. కన్నార్పితే దాటిపోతాడు. వాడే ఆస్తోర్ పియాసోలా, తర్వాత టాంగో రూపాన్నే మార్చేసినవాడు. అప్పటికి పదమూడేళ్లు నిండాయంతే. వాళ్ల నాన్న విసెంతే న్యూయార్క్‌లో క్షురకుడు. తాకట్టు కొట్లో ఒక బాండోనియన్ చూసి కొడుక్కి కొనిచ్చాడు. మన హార్మోనియంలాగే తిత్తి గాలికి పలికే వాయిద్యం అది. గార్డెల్ ఆ ఊరొచ్చాడని తెలిసి, తన చేత్తో చెక్కిన కొయ్యబొమ్మ ఒకటి పిల్లాడి చేతికిచ్చి పంపాడు. పిల్లాడికి ఇంగ్లీషు వచ్చు కదా, గార్డెల్‌కి ఊళ్లో తోడు తిరిగాడు, సినిమాలో ఆ చిన్న వేషం దొరికింది. చివరికి గార్డెల్ తన టూర్‌కి కూడా రమ్మన్నాడు.

వాళ్ల నాన్న వద్దన్నాడు. మరీ చిన్నవాడని.

1935 జూన్ 24న కొలంబియాలోని మెదెయిన్ విమానాశ్రయంలో నేల మీదే రెండు విమానాలు ఢీకొన్నాయి. గార్డెల్ పోయాడు, పాటలు రాసిన అల్ఫ్రెదో లె పెరా కూడా పోయాడు. ఈ సినిమా బ్యూనస్ ఎయిర్స్‌లో విడుదలయ్యేసరికి ఆ గొంతు లేదు.

చూశావా, నాన్న వద్దంటే మంచికే అని ఈ కథ చెప్పడం లేదమ్మా. ఆ తండ్రికి విమానం సంగతి ఏం తెలుసు? నాకూ ఏం తెలియదు. నువ్వు ఇంటర్ మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు నెల రోజులు ఆ సంగీతం ట్రూపుతో టూర్‌కి వెళ్తానంటే భయపడ్డాను, అంతే. చదువు అని సాకు చెప్పాను. నువ్వు పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను లెక్కపెట్టుకున్నాను.

రాత్రంతా నా మనసు ఆ ‘వద్దు’ మీద లేదు. తాకట్టు కొట్టు ముందు ఆగి, జేబు తడుముకుని, ఆ బాండోనియన్ కొన్న మనిషి మీదే ఉంది. వద్దన్నాక కూడా కొడుకు వాయిద్యం ఆపనివ్వలేదు ఆయన. 1959లో ఆయన పోయాడన్న కబురు కొడుక్కి టూర్‌లో ఉండగా అందింది. ఆ దుఃఖంలో కట్టిన బాణీయే ‘అదియోస్ నొనీనో’. నొనీనో అంటే ఇంట్లో వాళ్ల నాన్న ముద్దుపేరు. వీలున్నప్పుడు ఒంటరిగా విను.

నేను మాత్రం వద్దన్న తర్వాత నీ వయొలిన్ ఊసే ఎత్తలేదు. అది నా తప్పు.

పొద్దున బీరువా మీద నుంచి పెట్టె దించాను. కమానుకి వెంట్రుకలు సగం ఊడిపోయాయి, ఒక తీగ తెగింది. రేపు బజారుకి తీసుకెళ్లి బాగు చేయిస్తాను. సంక్రాంతికి వస్తావుగా.

నాన్న