ఆ ఇంటర్న్‌షిప్‌కి జీతం లేదన్న ముక్క కూడా వేయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మొన్న మీ విద్యా పేజీలో ‘ఐక్యరాజ్యసమితిలో విద్యార్థులకు సువర్ణావకాశం’ అని ఒక వార్త వేశారు. నగరాలు, ఇళ్ల సంగతులు చూసే ఐరాస సంస్థ యూఎన్ హాబిటాట్‌లో నగరాల డేటా, గణాంకాల మీద పనిచేసే ఇంటర్న్‌షిప్ గురించి. ఎవరు అప్లై చేయొచ్చు, ఎలా చేయాలి, ఎన్ని నెలలు, అన్నీ రాశారు, బాగానే ఉంది. కానీ జీతం ఉండదన్న ఒక్క ముక్క ఎక్కడా లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మరీ రెండోసారి చదివాను. అది చూసి ఎంతమంది పిల్లలు ఇంట్లో చెప్పేసుకుని ఉంటారో, ఎంతమంది తల్లిదండ్రులు చుట్టాలందరికీ ఫోన్లు చేసేసి ఉంటారో తలచుకుంటే నాకే టెన్షన్ వచ్చింది, అందుకే ఈ ఉత్తరం.

ఐరాస సచివాలయం నిబంధనల కింద నడిచే ఇంటర్న్‌షిప్‌లకు జీతం ఇవ్వరు, హాబిటాట్‌ది కూడా అదే పద్ధతి. విమానం టికెట్, వీసా, ఇన్సూరెన్స్, అద్దె, తిండి, అన్నీ ఇంటర్న్ పెట్టుకోవాలి, లేదా చదివే యూనివర్సిటీ పెట్టాలి. కనీసం 2 నెలలు, ఎక్కువలో ఎక్కువ 6 నెలలు. పీజీ చదువుతున్నవాళ్లు, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, లేదా చదువు అయిపోయి ఏడాది దాటనివాళ్లు అర్హులు. అయ్యాక ఉద్యోగం ఇస్తామన్న మాట ఏమీ ఉండదు. ఇదంతా వాళ్లు దాచిపెట్టిందేమీ కాదు, ప్రకటనలోనే స్పష్టంగా రాస్తారు. మనమే ఆ పేరాను దాటేసి ‘సువర్ణావకాశం’ అని హెడ్డింగ్ పెట్టుకుంటాం.

అలాగని ఈ ఇంటర్న్‌షిప్‌లు దండగ అనడానికి రాయడం లేదు. నేనూ కొన్నేళ్ల కిందట ఇలాంటి పనే చేశాను, అది వేరే అంతర్జాతీయ సంస్థ, పేరు ఇక్కడ అనవసరం. అక్కడ నేర్చుకున్నంత నాకు రెండేళ్ల పీజీలో రాలేదు. అయితే వెళ్లేముందు నేను ఊహించుకున్నది వేరు. పెద్ద పెద్ద రిపోర్టులు రాస్తాను, మీటింగుల్లో కూర్చుంటాను అనుకున్నాను. మొదటి మూడు వారాలు చేసింది ఏమిటంటే ఎక్సెల్ షీట్లలో నగరాల పేర్లు సరిచూడటం. ఒకే ఊరు మూడు స్పెల్లింగులతో ఉంటుంది, ఒక షీట్‌లో మున్సిపాలిటీ హద్దు వరకే లెక్క, ఇంకో షీట్‌లో చుట్టూ పెరిగిన శివార్లు కలిపి లెక్క, రెండూ ఒకే పేరుతో పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ఒక గడిలో సున్నా ఉంటే అది నిజంగా సున్నానా, లేక ఎవరో ఖాళీ గడి చూడలేక సున్నా కొట్టేశారా అన్నది తేల్చడానికే ఒక పూట పోయేది. మొదట్లో విసుగొచ్చింది. తర్వాత అర్థమైంది, అసలు పని ఇదేనని.

హాబిటాట్ ప్రధాన కార్యాలయం ఉన్నది కెన్యా రాజధాని నైరోబీలో. అదే ఊళ్లో కిబెరా అనే మురికివాడ ఉంది. ఏళ్ల తరబడి పేపర్లలో, స్వచ్ఛంద సంస్థల కరపత్రాల్లో అక్కడి జనాభా 10 లక్షలు అని, ఆఫ్రికాలోకెల్లా పెద్దదని రాస్తూ వచ్చారు. 2009 కెన్యా జనగణనలో లెక్కపెడితే తేలింది 1,70,070 మంది. ఆ లెక్క తక్కువ పడిందని వాదించినవాళ్లూ ఉన్నారు, ఉండనివ్వండి, కానీ మొదటి అంకె ఎవరు ఎక్కడ లెక్కపెట్టి చెప్పారంటే సరైన జవాబు దొరకదు. ఒకరు అన్నది ఇంకొకరు ఎత్తిరాసుకోవడమే, మన భాషలో కాకి లెక్కలు. ఎన్ని నీళ్ల పైపులు కావాలి, ఎన్ని మరుగుదొడ్లు కట్టాలి అన్నది ఈ అంకెల మీదే ఆధారపడుతుంది మరి.

‘నగరం’ అన్న మాటకే ఇంతకాలం ప్రపంచమంతటా ఒక అర్థం లేదు, ఏ దేశం కొలత దానిదే. 2020 మార్చిలో ఐరాస గణాంక కమిషన్ దేశాల మధ్య పోల్చి చూసుకోవడానికి ఒక పద్ధతిని ఆమోదించింది. భూమిని ఒక్కో చదరపు కిలోమీటరు గడులుగా కోసి, గడికి 1,500 మందికి తగ్గకుండా ఉన్న గడులు ఒకదాన్నొకటి ఆనుకుని, అన్నీ కలిపి కనీసం 50,000 జనాభా ఉంటే దాన్ని నగరం అంటారు. ఆ పద్ధతి పట్టుకుని లెక్కేస్తే ఏమైందో చూడండి. పాత పద్ధతిలో వేసిన 2018 ఐరాస అంచనాల్లో దాదాపు 3.7 కోట్లతో టోక్యో ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం. కొత్త పద్ధతిలో వేసిన 2025 ఐరాస నివేదికలో జకార్తా దాదాపు 4.2 కోట్లతో మొదటికి వచ్చింది, రెండోది ఢాకా, టోక్యో మూడో స్థానానికి జారింది. టోక్యో నుంచి ఏడేళ్లలో లక్షల మంది మూటాముల్లె సర్దుకుని పోలేదు, హద్దు గీసే పద్ధతి మారిందంతే. ఇది తెలియకుండా పోటీ పరీక్షలకు ‘అతి పెద్ద నగరం’ బట్టీపట్టే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది.

2015లో ఐరాస దేశాలన్నీ ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11వది నగరాల గురించి, ఇంటర్న్‌లు ఎక్కువగా తలదూర్చేది దాని కొలతల్లోనే. ఒక కొలత ప్రకారం బస్టాప్ 500 మీటర్ల లోపు, రైలు లాంటిదైతే కిలోమీటరు లోపు ఉంటే ఆ ఇంటికి ప్రజా రవాణా అందుబాటులో ఉన్నట్టు. మ్యాప్ మీద వృత్తం గీస్తే రెండు నిమిషాల పని. కానీ మధ్యలో రైలు పట్టాలో పెద్ద కాలువో అడ్డం ఉంటే? మ్యాప్‌లో 300 మీటర్లు, కాళ్లకు కిలోమీటరున్నర. అందుకే దారి వెంట నడిచే దూరం కొలవమంటారు, దానికి వీధుల మ్యాప్ సరిగ్గా ఉండాలి, అది సగం ఊళ్లకు ఉండదు. ఇంకో కొలతలో జనాభా పెరిగే వేగంతో పోలిస్తే ఊరు భూమిని ఎంత వేగంగా మింగుతోందో చూస్తారు. కొన్నేళ్ల తేడాతో తీసిన రెండు ఉపగ్రహ చిత్రాలు తీసుకుని, కట్టడాలున్న చోటును కంప్యూటర్‌తో గుర్తించాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఎండిపోయిన నదిలోని ఇసుక మొత్తం ఇళ్లుగా పడింది. ఊరు ఒక్కసారిగా ఉబ్బిపోయింది. మా సూపర్‌వైజర్ చూసి నవ్వి, ‘నదిలో అపార్ట్‌మెంట్లు బాగా కట్టావు’ అన్నారు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. మురికివాడలో ఉండే కుటుంబం అని హాబిటాట్ దేన్ని అంటుందంటే, మంచి నీరు, మరుగుదొడ్డి, సరిపడా చోటు, గట్టి ఇల్లు, ఖాళీ చేయిస్తారన్న భయం లేకుండా ఉండే హక్కు, ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా. సరిపడా చోటు అంటే గదికి ముగ్గురికి మించకూడదు. చదవడానికి తేలిగ్గా ఉంది కదా, మరి గది అంటే ఏమిటి? మధ్యలో చీర కట్టి రెండు చేసుకున్నది ఒక గదా రెండా? పగలు కుట్టు మిషన్ పెట్టుకునే చోటు రాత్రి నలుగురు పడుకునే చోటైతే?

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. అలాంటి ఒంటి గది ఇంట్లోనే పెరిగింది. ఒక సర్వే డేటాలో ఓ వాడ మొత్తానికి నీటి సదుపాయం ‘ఉంది’ అని వచ్చింది, మేమంతా టిక్కు పెట్టేసి ముందుకెళ్లిపోయాం. ఆమె మాత్రం ఆగి, ‘నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయని అడిగారా?’ అంది. ప్రశ్నావళి వెతికితే ఆ ప్రశ్నే లేదు. కుళాయి ఉందా అని మాత్రమే అడిగారు. రాత్రి రెండింటికి అరగంట వదిలే కుళాయికీ, తిప్పితే ఎప్పుడైనా వచ్చే కుళాయికీ ఆ షీట్‌లో తేడా లేదు. ఆ రోజు నుంచి మా నోట్స్‌లో ఆ విషయం ప్రత్యేకంగా రాయడం మొదలుపెట్టాం. ఆమె రెండో నెలలో వెళ్లిపోయింది, అద్దె కట్టలేక. మిగిలినవాళ్లం ఇంటి నుంచి డబ్బులు తెప్పించుకోగలిగినవాళ్లం. పేదల ఇళ్లను లెక్కపెట్టే పనికి పేదింటి పిల్ల నిలవలేకపోతే ఆ లెక్కలో ఏదో ఒక ప్రశ్న తగ్గుతుంది, ఆ తగ్గిందని కూడా ఎవరికీ తెలియదు.

డబ్బులివ్వడం కుదరదన్న మాట నేను నమ్మను. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఇస్తోంది, ప్రపంచ బ్యాంకు గంటకు ఇంత అని లెక్కకట్టి ఇస్తుంది. 2015లో జెనీవాలో ఒక ఐరాస ఇంటర్న్, 22 ఏళ్ల న్యూజీలాండ్ కుర్రాడు, టెంట్ వేసుకుని ఉంటున్నాడని ప్రపంచమంతా రాశారు. జనం దృష్టి పడాలనే ఎక్కువగా అలా చేశానని తర్వాత అతనే చెప్పాడు, అయినా జీతం లేదన్నది మాత్రం నాటకం కాదు కదా.

వెళ్లలేని పిల్లలకు ఒక మాట. ఆ పని నేర్చుకోవడానికి అక్కడికే వెళ్లాలని లేదు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ తీసే చిత్రాలు 2008 నుంచి ఉచితం, యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితం, మ్యాపుల మీద పనిచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, హాబిటాట్ సూచికల డేటా కూడా అందరికీ తెరిచే ఉంది. ఒక ఊరు తీసుకుని, అది పదేళ్లలో ఎంత భూమి మింగిందో మీరే లెక్కేయండి. నదిలో ఇళ్లు లేస్తాయి, లేవనివ్వండి, ఎందుకు లేచాయో రాసుకోండి. అప్లికేషన్‌లో ‘నాకు నగరాలంటే ఎంతో ఆసక్తి’ అని రాసే వందమందిలో, ‘ఈ తప్పు ఇలా దొరికింది, ఇలా సరిచేశాను’ అని రాసినవాళ్లనే పిలుస్తారు, కనీసం నేనైతే పిలుస్తాను. ఇంకొకటి, ఐరాస ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. సీటు ఇప్పిస్తాం, ఇంత కట్టండి అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

ఎడిటర్ గారూ, మీకు పెద్ద పనేం చెప్పడం లేదు. ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు జీతం ఉందా లేదా, ఖర్చులు ఎవరివి, ఇంటి నుంచే చేయొచ్చా, అసలు అక్కడ చేయించే పనేమిటి, ఈ నాలుగూ హెడ్డింగ్ కిందే వేయండి. స్కాలర్‌షిప్ ఇచ్చి పంపే యూనివర్సిటీలు ఉంటే వాటి వివరాలు కూడా వేస్తే ఇంకా మేలు. మొన్నటి వార్తకు రేపో ఎల్లుండో చిన్న సవరణ వేస్తారని చూస్తుంటాను.

ఆ సవరణలోనే ఇంకోటి కూడా కలపండి. వార్త పక్కన మీరు వేసిన ఫొటో న్యూయార్క్‌లోని ఐరాస భవనానిది. నైరోబీకి వెళ్లాల్సినవాళ్లు పొరపాటున అటు టికెట్ తీసుకునేరు.

ఇట్లు,
ఒక పాత ఇంటర్న్