నుదుటి జుట్టుకు ముందు మందు, తర్వాతే మార్పిడి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా అనుబంధంలో కొంతకాలంగా జుట్టు మార్పిడి కేంద్రాల ప్రకటనలు తరచుగా వస్తున్నాయి. ఒక్కరోజులో పని పూర్తవుతుందని, నొప్పి ఉండదని, వాయిదాల్లో కట్టుకోవచ్చని పెద్ద అక్షరాల్లో ఉంటుంది; శస్త్రచికిత్స చేసే డాక్టరు పేరు, ఆయన చదివిన చదువు మాత్రం ఎక్కడా కనిపించవు. తెనాలిలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టుగా, ఆ ప్రకటనలను ఫోన్లో చూపించి సలహా అడిగే కుర్రవాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

మగవాళ్లలో నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోవడం చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేదే. డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోను ప్రభావానికి అక్కడి కుదుళ్లు ఏటికేడు కుంచించుకుపోయి, చివరికి నూగు మాత్రం మిగులుతుంది. బోరునీళ్లు మానేసినా, ఉల్లిపాయ రసం పట్టించినా ఇది ఆగదు. గట్టి రుజువులున్న మందులు ప్రధానంగా రెండు. రక్తపోటు మాత్రగా వచ్చిన మినాక్సిడిల్ వాడినవారికి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం గమనించి, దాన్ని తలకు రాసే ద్రావణంగా చేశారు. అమెరికాలో 1988లో దానికి అనుమతి దొరికింది. ప్రోస్టేట్ గ్రంథి వాపుకు 5 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చే ఫినాస్టెరైడ్‌ను 1 మిల్లీగ్రాము మోతాదులో మగవారి బట్టతలకు వాడటానికి అక్కడే 1997లో అనుమతించారు. ఈ రెండూ నడినెత్తిన చూపినంత ఫలితం నుదుటి మూలల్లో చూపవు కాబట్టి, పోయిన జుట్టును తెచ్చుకోవడం కంటే ఉన్నదాన్ని నిలుపుకోవడానికే ఇవి ఎక్కువగా పనికొస్తాయి. అందుకే తొందరగా మొదలుపెట్టడం ముఖ్యం, మానేస్తే కొన్ని నెలల్లోనే లాభమంతా పోతుంది.

ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో జరిగేది నేను కౌంటరు దగ్గర చూస్తూనే ఉన్నాను. మినాక్సిడిల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో పాత వెంట్రుకలు రాలి కొత్తవాటికి చోటివ్వడం మామూలే. పెళ్లిచూపులు దగ్గరపడిన అబ్బాయి, దువ్వెనకు చుట్టుకున్న జుట్టును కాగితంలో పొట్లం కట్టి తెచ్చి, "అంకుల్, ఇది రాసినాక ఇంకా ఎక్కువ ఊడుతోంది" అంటాడు. కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టమని చెప్పినా వినకుండా సీసా పక్కన పడేసి, అప్పు చేసి మార్పిడికి వెళతాడు.

మార్పిడి చెడ్డదని నేను అనడం లేదు. తల వెనక భాగంలోని కుదుళ్లు ఆ హార్మోనుకు అంతగా లొంగవు కాబట్టి, వాటిని ముందుకు తెచ్చి నాటితే అర్హత గల డాక్టరు చేతిలో మంచి ఫలితమే వస్తుంది. కానీ వెనక నుంచి తీసిన కుదురు అక్కడ మళ్లీ మొలవదు. ఆ నిల్వ జీవితాంతానికి అంతే. ఇరవై ఒకటో ఏట, జుట్టు ఎంతవరకు పోతుందో తేలకముందే, నుదుటి మీది జుట్టు అంచును కిందికి దించి ఒత్తుగా నాటించుకుని మందు వాడకపోతే, నాటిన వరుస అలాగే నిలిచి దాని వెనకున్న సొంత జుట్టు పోతూ ఉంటుంది. పదేళ్లకు నుదుటి మీద ఒక పట్టీ, దాని వెనక ఖాళీ, ఆ ఖాళీని నింపడానికి వెనక మిగిలిన కుదుళ్లు చాలక ఇబ్బంది.

మందులకూ జాగ్రత్తలున్నాయి. ఫినాస్టెరైడ్ వల్ల కొందరిలో లైంగిక ఆసక్తి తగ్గడం, మనసు కుంగిపోవడం కనిపిస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు కూడా దాని దుష్ప్రభావమేనని 2025లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ధ్రువీకరించింది. గర్భిణులు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. డాక్టరు చీటీ లేకుండా దీన్ని అడిగేవారిని నేను తిప్పి పంపుతున్నాను, తోటి దుకాణదారులూ అలాగే చేయాలని కోరుతున్నాను.

చట్టం విషయానికొస్తే, బట్టతలను నయం చేస్తుందని ఏ మందూ చెప్పుకోరాదని ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె ఎప్పటినుంచో అంటోంది. జుట్టు మార్పిడి ఎవరు చేయవచ్చో, అత్యవసర చికిత్సకు ఏ ఏర్పాట్లుండాలో జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకునే పని కాదని కూడా చెప్పింది. అయినా 2025 మార్చిలో పంజాబ్‌లోని సంగ్రూర్‌లో జుట్టు మొలిపిస్తామన్న శిబిరంలో తలకు మందు రాయించుకున్న పదుల మంది కళ్ల మంటలతో ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది.

కాబట్టి డాక్టరు పేరు, అర్హత, వైద్య మండలి రిజిస్ట్రేషన్ సంఖ్య లేని మార్పిడి ప్రకటనలను మీ పత్రిక తీసుకోవద్దని మనవి చేస్తున్నాను. ఆరోగ్య పేజీలో ప్రభుత్వ ఆసుపత్రుల చర్మవ్యాధి నిపుణులతో ఈ విషయంపై ప్రశ్నలు జవాబులు నడిపిస్తే, మా దుకాణానికి వచ్చే పిల్లలకు ఆ పేజీనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
తెనాలి