మాటకారికి మధ్యాహ్నం ఒంటిగంట

మామా,

ఉత్తరం అందింది. కొత్తగా చేరిన వాగుడుకాయ మీదే మాదాపూర్ ఆఫీసు క్లయింట్ కాల్స్ అన్నీ పడేస్తానన్నావ్. కొంచెం ఆగరా.

కలుపుగోలువాడికి బెరుకుండదని నువ్వే ఖాయం చేసేశావ్. నలుగురిలో ఉండాలనే కోరిక వేరు, నలుగురూ ఏమనుకుంటారోననే బెరుకు వేరు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. పెళ్లి భోజనాల్లో ప్రతి టేబులూ పలకరించొచ్చినవాడే మైకిస్తే నీళ్లు నమలడం చూడలేదూ?

అసలు పొరపాటు, వాడు అలసిపోడనుకోవడం. 2017లో అచ్చయిన ఫిన్లాండ్ పరిశోధన ఒకటుంది. విద్యార్థులతో 12 రోజులు, రోజుకి ఐదుసార్లు, ఎలా ఉన్నారో రాయించారు. కలివిడిగా మెలిగినప్పుడు హుషారుగానే ఉన్నారు. మూడు గంటలయ్యాక అలసట పైకి తేలింది. మౌనంగా ఉండేవాళ్లకీ, మాటకారులకీ అందులో తేడా కనబడలేదు. అంటే పదింటి మీటింగ్ దెబ్బ ఒంటిగంటకి తెలుస్తుందన్నమాట. మనం దాన్ని బిర్యానీ మీదకి తోసేస్తాం, పాపం! అందుకే రేటు బేరం కాల్ ఒకటిన్నరకి పెట్టకు. పెద్ద మీటింగయ్యాక ఆ పూట ఎక్సెల్ పనో, మెయిల్స్ పనో ఇవ్వు.

ఇక అమ్మకాలకి మాటకారులే సరైనవాళ్లనే నమ్మకం సంగతి. ఆడమ్ గ్రాంట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2013లో ఫోన్‌లో అమ్మే 340 మంది లెక్కలు చూస్తే, ఎక్కువ రాబడి తెచ్చింది మరీ మాటకారులూ, మరీ మౌనులూ కాని మధ్యరకం వాళ్లు. మరీ ఊపుగా మాట్లాడేవాడు వినడం మరిచిపోతాడు, కొనేవాడికి అనుమానమూ వస్తుంది. మీవాడికి ఒక్క పద్ధతి నేర్పు: క్లయింట్ చెప్పింది రెండు లైన్లు కాగితం మీద రాసుకున్నాకే నోరు విప్పాలి.

ఇంకోటి. ఇలాంటివాళ్లు తరచూ మాట్లాడుతూనే ఆలోచిస్తారు. మీటింగ్‌లో వాడన్న మొదటి మాటని మాటిచ్చినట్టు మినిట్స్‌లో ఎక్కించకు. "ఇది ఫైనలా, ఇంకా ఆలోచిస్తున్నావా?" అని అడుగు చాలు.

ఎలా ఉన్నావంటే "మస్త్" అంటాడు, నువ్వూ నమ్మేస్తావ్. నలుగురి ముందు కాకుండా, సాయంత్రం మెట్రోలో ఇద్దరే ఉన్నప్పుడు మళ్లీ అడుగు. అమీర్‌పేట్‌లో రైలు మారేదాకా టైముంటుంది, తొందరపెట్టకు.

వాడి టైంటేబుల్ మార్చాక ఏమైందో రాయి. ఆదివారం ఇటొస్తే చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నీ ఖాతాలోనే.

నీ,
మామ