చావుపుట్టుకల లెక్క ఏ కచేరిలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

తాతముత్తాతల జనన మరణాల కాగితాల కోసం మీసేవకు వెళ్లి, పేరూ తేదీ చెప్పి, ‘రికార్డు లేదండీ’ అనిపించుకుని ఇంటికొచ్చేవాళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది. అక్కడితో ఆశ వదులుకోనక్కర్లేదు. చాలాసార్లు ఆ లెక్క ఎక్కడో ఒకచోట ఉంటుంది. మనం అడిగిన కచేరి అది కాకపోవచ్చు, అడిగిన పేరుతో అది రాసి ఉండకపోవచ్చు. ఈ రెండు సంగతుల మీదే ఈ ఉత్తరం.

ముందు జిల్లా సంగతి. కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. ఆ రోజున ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. ఒంగోలు, అద్దంకి గుంటూరు నుంచి వచ్చాయి. ఒంగోలుది ఇంకో మెలిక: 1904లో గుంటూరు జిల్లా పుట్టకముందు ఒంగోలు తాలూకా కూడా నెల్లూరులోదే. 2022 ఏప్రిల్ 4న గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి, కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. ఆ తర్వాతా గీతలు కదులుతూనే ఉన్నాయి. కాబట్టి ఊరి పేరు పక్కన ఇప్పటి జిల్లా రాసుకుంటే చాలదు, మనిషి పుట్టిన ఏడాదికి ఆ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లాలో ఉందో రాసుకోవాలి. మార్కాపురం వైపు వాళ్లు జిల్లా స్థాయి పాత కాగితాలకు కర్నూలును కూడా అడగాలి. 1953 అక్టోబరు 1 దాకా మనది మద్రాసు రాష్ట్రం గనుక, ఆనాటి ప్రభుత్వ స్థాయి రికార్డుకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ దాకా వెళ్లక తప్పదు.

పల్లెల్లో చావుపుట్టుకల లెక్క రాసింది ఊరి పాలన చూసే గ్రామ మునసబు. 1899 నాటి మద్రాసు చట్టం కింద ఊరి సేవకుడైన తలారి వచ్చి చెబితే మునసబు రిజిస్టరులో ఎక్కించేవాడు, అది తాలూకా కచేరికి చేరేది. 1969 జనన మరణాల నమోదు చట్టం వచ్చాక రిజిస్టరు నమూనా మారింది, రాసే చెయ్యి మాత్రం చాలాకాలం మునసబుదే. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పుస్తకాలు చెదిరింది ఈ రెండేళ్లలోనే. కొన్ని సంపుటాలు పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోయాయి, కొన్ని కొత్త మండల కార్యాలయానికి తరలాయి, కొన్ని మునసబు గారి ఇంటి అటక మీద మిగిలాయి. గుడ్లూరు మండలంలోని ఊరైతే గుడ్లూరు తహసీల్దారు కార్యాలయంలోనూ, కందుకూరులోనూ రెండుచోట్లా అడగాలి. ఇటీవలి సంవత్సరాలవి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటాయి. పట్టణమైతే మునిసిపాలిటీ. నెల్లూరు మునిసిపాలిటీ 1866 నాటిది, అందుకని పట్టణంలో పుట్టినవారికి తహసీల్దారు దగ్గర వెతకడం వృథా.

జననం, మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, కాపురం ఉన్న ఊళ్లో కాదు. మన ఇళ్లలో తొలికాన్పు పుట్టింట్లో. ఇంటికి పెద్దబిడ్డ లెక్క తండ్రి ఊళ్లో దొరకలేదంటే అమ్మమ్మ ఊరి రిజిస్టరు తీయించాలి. దీన్ని మరిచిపోయి ఏళ్ల తరబడి తిరిగేవాళ్లే ఎక్కువ. మరణాల విషయంలో చెన్నై, వేలూరు ఆస్పత్రులను గుర్తుపెట్టుకోండి. జబ్బు ముదిరినవాళ్లను రైలెక్కించి అక్కడికే తీసుకెళ్లడం ఈ జిల్లాల అలవాటు. అక్కడ పోయినవారి నమోదు అక్కడి కార్పొరేషన్‌లోనే ఉంటుంది, ఊళ్లో దహనం జరిగినా సరే.

ఇక పేరు. పాత జనన రిజిస్టరులో బిడ్డ పేరు చాలావరకు ఉండదు. తలారి చెప్పేనాటికి బారసాల జరగదు కదా! ‘మగ’ లేదా ‘ఆడ’, తండ్రి పేరు, కులం, తేదీ, అంతే. తల్లి పేరు లేకపోయినా ఆశ్చర్యం లేదు. ఇప్పటి చట్టంలో కూడా పేరు లేకుండా నమోదు చేసి, 15 ఏళ్లలోపు చేర్చుకునే వీలుంది. అందుచేత దరఖాస్తులో బిడ్డ పేరుతో పాటు ‘ఫలానా ఇంటిపేరు గల ఫలానా వారికి, ఫలానా గ్రామంలో, ఫలానా నెలల మధ్య పుట్టిన మగ శిశువు’ అని రాయాలి. తండ్రి పేరుకూ రూపాలు ఇవ్వాలి: వెంకట సుబ్బయ్య, సుబ్బయ్య, సుబ్బారాయుడు ఒకే మనిషి కావచ్చు. మరణ రిజిస్టరులో ఆడవాళ్లు తరచు ‘ఫలానా వాని భార్య’గా మాత్రమే కనిపిస్తారు. వయసు అంచనాగా వేసిందే. 60 అని ఉంటే 52 నుంచి 70 దాకా ఏదైనా కావచ్చు.

ఆలస్యంగా నమోదైన జననం ఇంకో ఉచ్చు. ఏడాది దాటాక ఆర్డీవో ఉత్తర్వుతో చేసిన నమోదు, బిడ్డ పుట్టిన ఏడాది పుస్తకంలో ఉండదు, ఉత్తర్వు వచ్చిన ఏడాది పుస్తకంలో ఉంటుంది. 1975లో పుట్టి, పాస్‌పోర్టు కోసం 1998లో నమోదు చేయించుకున్నవారి లెక్క 1998లో వెతకాలి.

వెతికించుకునే హక్కు ఎవరికైనా ఉంది. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి రిజిస్ట్రారు చేత వెతికించవచ్చు. మరణానికి కారణం మాత్రం ధ్రువపత్రంలో ఇవ్వరు. వెతుకులాట రుసుము ఏడాది లెక్కన పడుతుంది కాబట్టి ముందు ఏడాదిని బిగించుకోవడం మంచిది. ‘1940 నుంచి 1960 దాకా’ అని రాసిచ్చిన దరఖాస్తును గుమాస్తా అడుగున పెట్టేస్తాడు, అతన్ని తప్పుపట్టలేం. మూడేళ్లకు కుదించి ఇస్తే ఆ పూటే చూస్తాడు. దొరక్కపోతే ‘లభ్యం కాలేదు’ అన్న ధ్రువపత్రం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. నోటిమాట రేపు ఎక్కడా పనికిరాదు. అసలు ఏయే సంవత్సరాల రిజిస్టర్లు ఉన్నాయో తెలుసుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు వాడవచ్చు. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు, గడువు 30 రోజులు.

ఏడాదిని బిగించడం ఎట్లా అంటే, ఇంట్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు తేదీ గుర్తుండదు గానీ తద్దినం తిథి గుర్తుంటుంది, ఒక్కోసారి సంవత్సరం పేరూ గుర్తుంటుంది. ఆ పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. రుధిరోద్గారి అంటే 1923–24 కావచ్చు, 1983–84 కావచ్చు. మనవడి వయసు చూస్తే ఏదో తేలిపోతుంది. సంవత్సరం ఉగాదికి మారుతుంది, జనవరికి కాదు. 1924 ఫిబ్రవరిలో పుట్టిన పిల్లది ఇంకా రుధిరోద్గారే. తెల్లవారుజామున రెండింటికి పోతే ఇంట్లో ముందురోజు లెక్క, రిజిస్టరులో తర్వాతి తేదీ. అందుకని పంచాంగం చూసి తీసిన తేదీకి ముందు రెండు రోజులు, వెనక రెండు రోజులు కలిపి వెతికించాలి. ‘ధాత కరువులో’ అంటే 1876–77. ఫ్లూ జ్వరాలు ఊళ్లను ఊడ్చిన 1918 కాళయుక్తి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) కనిపిస్తే దానికి 590 కలపండి: ఫసలీ 1360 అంటే 1950 జూలై 1 నుంచి 1951 జూన్ 30 దాకా.

పెళ్లిళ్ల సంగతి వేరు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది, అందులో నమోదుకు వీలుంది గానీ అది లేకపోయినా పెళ్లి పెళ్లే. మన రాష్ట్రంలో నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002 నాటిది. కనుక తాతల పెళ్లికి సబ్‌రిజిస్ట్రారు దగ్గర కాగితం ఉండదు, దానికోసం తిరగొద్దు. ఇంట్లో వెతకాలి. శుభలేఖ, లగ్నపత్రిక, కొండ మీద పెళ్లయితే దేవస్థానం రసీదు. అన్నిటికంటే విలువైనది చదివింపుల పుస్తకం. ఎవరు ఏ ఊరినుంచి వచ్చి ఎంత చదివించారో వరుసగా రాసిన ఆ పద్దులో, ఇప్పుడు రాకపోకలు తెగిపోయిన చుట్టాల ఊర్లన్నీ ఉంటాయి. పెళ్లి అయిపోయాక దాన్ని పాతకాగితాలవాడికి తూకానికి వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

పెళ్లికి ఇంకో సాక్ష్యం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోనే ఉంది, అయితే పెళ్లి రిజిస్టరులో కాదు. పసుపుకుంకుమ కింద కూతురికి రాసిచ్చిన భూమి దస్తావేజు తీయించండి. అందులో కూతురి పేరు, అల్లుడి పేరు, అతని తండ్రి పేరు, ఊరు అన్నీ ఉంటాయి. అన్నదమ్ముల భాగపంపిణీ దస్తావేజైతే ఒక తరం మొత్తం ఒకేచోట దొరికినట్టు. ఇవి ఒకటో పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినవారు పోయాకే ఇతరులకు నకలిస్తారు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచి మాత్రమే వస్తుంది, అంతకుముందువి కార్యాలయంలో సూచిక తిరగేయాల్సిందే. ఇనాం భూములున్న (పన్ను మినహాయింపుతోనో తగ్గింపుతోనో పూర్వం దానంగా పొందిన భూములున్న) కుటుంబాలకు 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు పెద్ద నిధి. అనుభవదారు పేరు, వయసు, ఇనాం మొదట పొందినవారితో చుట్టరికం అందులో రాశారు. వెంకటగిరి వంటి జమీందారీ గ్రామాల్లో ఎస్టేట్ల రద్దు తర్వాత తయారైన ఫెయిర్ అడంగల్ (సర్వే నంబర్ల వారీ భూమి లెక్క) చూడాలి. సోమశిల జలాశయంలో మునిగిన ఊళ్లకు భూసేకరణ అవార్డు కాగితాలే దిక్కు, వారసుల పేర్లు వాటిలో ఉంటాయి.

భూమి లేనివాళ్లకు ఈ దారులేవీ లేవు. వాళ్లకు ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరే ఆధారం. తండ్రి పేరూ ఊరూ నమ్మొచ్చు, పుట్టినతేదీని నమ్మకూడదు. జూన్ 1, జూలై 1 తేదీలు వరసగా కనిపిస్తే అవి అయ్యవారు బిడ్డకు అయిదేళ్లు నిండేలా వేసినవే. జనాభా లెక్కల్లో కుటుంబ వివరాలు చూపించమని అడగడం దండగ, 1948 సెన్సస్ చట్టం వాటిని ఎవరికీ చూపనివ్వదు.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లు ఉన్నాయి గానీ శాఖను బట్టి అర్థం మారుతుంది. నెల్లూరు, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు, వాళ్లంతా ఎదిగినవాళ్లే. ఆ తేదీని పుట్టినతేదీకి దగ్గరగా లెక్కేస్తే తరం తప్పుతుంది. గూడూరు వైపు లూథరన్లు, ఇటు కథోలికులు పసిబిడ్డకే ఇస్తారు కాబట్టి అక్కడ ఆ లెక్క సరిపోతుంది. కథోలిక పాత పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి: ఇంట్లో రాయప్ప అక్కడ పేత్రుస్, చిన్నప్ప పౌలుస్. చర్చి పెద్దలను అడిగేముందు ఆ రూపం తెలుసుకుని వెళ్లాలి. ముస్లిం కుటుంబాలు ఖాజీ దగ్గరి నికా రిజిస్టరు అడగాలి. మెహర్ (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము)తో పాటు వకీలు (వధువు తరఫున మాట్లాడే మనిషి), సాక్షుల పేర్లు ఉంటాయి, వాళ్లు చాలావరకు దగ్గరి బంధువులే.

కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం చిన్నదే. ప్రతి తహసీల్దారు కార్యాలయంలో ఉన్న చావుపుట్టుకల రిజిస్టర్లకు గ్రామం, మొదటి ఏడాది, చివరి ఏడాది, స్థితి అనే నాలుగు గళ్ల జాబితా తయారుచేయించి నోటీసు బోర్డు మీదా, జిల్లా వెబ్‌సైటులోనూ పెట్టించాలి. 1969 చట్టం కింది రిజిస్టర్లు శాశ్వతంగా ఉంచాల్సినవని నిబంధనల్లోనే ఉంది. స్కానింగ్ దాని తర్వాత. అప్పుడు కూడా పేజీలను యంత్రంలో దోపకుండా పైనుంచి ఫొటో తీయించాలి. చిరిగినచోట సెల్లోటేపు వద్దు, అది పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. తుపాను గాలికి కిటికీ తెరుచుకునే గదుల్లోనుంచి, నేలమీద నుంచి ఆ కట్టలను అడుగున్నర ఎత్తు చెక్కబల్ల మీదికి ఎక్కించడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

పాత మునసబు, కరణం గార్ల వారసుల ఇళ్లలో ఇంకా ఆ పుస్తకాలుంటే తహసీల్దారుకు అప్పగించి రసీదు తీసుకోండి. ఇచ్చేముందు ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కందుకూరు