శొంఠి వెంకటరమణయ్య గారి వంశం: పాఠకులకు ఒక విజ్ఞప్తి

సంపాదకులు గారికి,

నమస్కారములు. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధన వార్తలు ఏటా మీ పత్రికలో శ్రద్ధగా చదువుతుంటాను. వాటిలో స్వామివారి గురువు శొంఠి వెంకటరమణయ్య గారి ప్రస్తావన ఎప్పుడైనా వస్తే ఒక్క వాక్యంతో ముగుస్తుంది. అది మీ లోపమని అనలేను. సంగీత చరిత్రలే ఆయనకు అంతకంటె ఎక్కువ చోటు ఇవ్వలేదు. ఆయన తండ్రి వెంకటసుబ్బయ్య గారు, ఆయన, ఇద్దరూ తంజావూరు మరాఠా రాజుల ఆస్థాన విద్వాంసులు. ఆ కాలపు విద్వాంసుల గురించి తెలుసుకోవాలంటే, 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లోని వాగ్గేయకార చరిత్రమే ఇప్పటికీ మనకు మొదటి దారి.

మా అమ్మమ్మగారి పుట్టింటి పేరు శొంఠి. తమ పెద్దలు తంజావూరు నుంచి తిరిగి వచ్చినవారనీ, త్యాగయ్యగారికి పాఠం చెప్పింది తమ ఇంటివారేననీ ఆమె చెబుతుండేవారు. ఆ మాటను మా ఇంట్లో అందరూ గర్వంగా చెప్పుకొన్నారే గాని నిజమా కాదా అని ఎవరూ విచారించలేదు. ఆ విచారణ ఇప్పుడు చేయదలచి, పాఠకుల సాయం కోరుతూ ఈ లేఖ వ్రాస్తున్నాను.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు. విజయనగర ప్రభువుల, తంజావూరు నాయకరాజుల కాలాల్లో ఎన్నో తెలుగు కుటుంబాలు కావేరీ తీరానికి తరలివెళ్లాయి. కాకర్ల, శొంఠి వంటి ఇంటిపేర్లు అరవదేశంలో తరతరాలు నిలవడం ఆ వలసల ఫలితమే. తంజావూరులో నాయకుల పాలన 1673లో ముగిసింది. త్యాగరాజస్వామి పుట్టినది 1767లో. శొంఠి వారు నాయకుల కాలంలోనే వెళ్లి ఉంటే, ఇక్కడ మిగిలిన శొంఠి వారు వెంకటరమణయ్య గారికి కొన్ని తరాల వెనుక విడిపోయిన దాయాదులే అవుతారు గాని ఆయన సంతతి కారు. అమ్మమ్మగారి మాట అక్షరాలా నిజం కావాలంటే, ఆయన కాలంలోనో ఆ తరువాతనో ఆ ఇంటివారెవరో ఉత్తరానికి తిరిగి వచ్చి ఉండాలి. అది అసంభవమేమీ కాదు. 1781లో హైదర్ అలీ సైన్యం తంజావూరు సీమను కొల్లగొట్టినప్పుడు చాలా కుటుంబాలు ఊళ్లు విడిచి చెల్లాచెదురయ్యాయి. కాని జరగడానికి వీలున్నదంతా జరిగిందని అనుకోవడం వల్లనే మన వంశచరిత్రలు సగం పాడయ్యాయని నా అభిప్రాయం.

గోత్రం తొలి పరీక్ష. అది కలవకపోతే ఈ విషయం అక్కడితో సరి. కలిసినా తేలేది స్వల్పమే, ఎందుకంటే భారద్వాజ, కౌండిన్య గోత్రాలవారు మనకు ఊరూరా ఉన్నారు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు డీఎన్ఏ పరీక్ష చేయించమని సలహా ఇచ్చాడు. పోల్చి చూడడానికి అటువైపు వారసులెవరో తెలియనిదే పరీక్ష దేనితో పోలుస్తుంది? పైగా తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే వెళ్లే వై క్రోమోజోమ్ అమ్మమ్మగారి ద్వారా నాకు రాదు. ఆ నమూనా ఆమె అన్నదమ్ముల మగ సంతతి ఇవ్వవలసిందే.

కాబట్టి కాగితాలే శరణ్యం. తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్పడం మన ఆచారం గనుక, పాత పురోహితుల పుస్తకాల్లో వరుసగా పేర్లు దొరికే అవకాశం ఉంది. గయకు వెళ్లి పిండప్రదానం చేసినవారి పేర్లు, ఊరు, తండ్రి తాతల వివరాలు అక్కడి పండాల బహీలలో, అంటే యాత్రికుల పేర్లు వ్రాసి ఉంచే పుస్తకాల్లో, ఉంటాయి. నా దృష్టిలో వీటికంటె విలువైనవి 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు, అంటే దానంగా వచ్చిన భూములపై హక్కులను బ్రిటిషు ప్రభుత్వం విచారించి వ్రాయించిన పుస్తకాలు. ఇనాం మొదట ఎవరు ఎవరికి ఇచ్చారు, విచారణ నాటికి అనుభవంలో ఉన్నవారెవరు, వారి వయసెంత, వారికి పూర్వపు ఇనాందారుతో వరుస ఏమిటి అన్నవి వాటిలో నమోదయ్యాయి. మా అమ్మమ్మగారి పుట్టింటివారికి గుంటూరు జిల్లాలో కొంత ఇనాం భూమి ఉండేది గనుక, మా నుంచి పైకి వెళ్లే దారి అక్కడ మొదలుపెడుతున్నాను. తంజావూరు వైపు నుంచి దిగిరావలసిన దారికి తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయంలోని మోడీ లిపి (మరాఠీ వ్రాయడానికి వాడిన పాత గొలుసుకట్టు లిపి) దస్త్రాలు, మదురై సౌరాష్ట్ర సభలోని వాలాజాపేట వ్రాతప్రతులు (త్యాగరాజస్వామి శిష్యులైన వాలాజాపేట భాగవతుల ఇంటివి) చూడవలసి ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు మన చేతులారా తెచ్చుకొన్నది. మన వంశవృక్షాల్లో ఆడపిల్లల పేర్లు వ్రాయరు. కూతుళ్లే ఉన్న వ్యక్తి పేరు కింద 'నిస్సంతు' అని వ్రాసినవి నేను చూశాను. త్యాగరాజస్వామికే ఒక్కతే కుమార్తె, సీతాలక్ష్మి. ఆమె కుమారునితో ఆ సంతతి ఆగిపోయింది. కాకర్ల ఇంటిపేరున్నవారు స్వామివారి సంతతి కాలేరన్నది అందువల్ల స్పష్టం. ఆయన గురువు విషయంలోనూ కూతుళ్ల సంతతి వేరే ఇంటిపేర్లతో ఎక్కడో ఉండి ఉండవచ్చు. అందుచేత నా విజ్ఞప్తి శొంఠి వారికే పరిమితం కాదు.

తంజావూరు, కుంభకోణం ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, అక్కడి నుంచి వచ్చిన పెద్దలున్నవారు, మా పుట్టింటివారు ఆస్థాన విద్వాంసులని అమ్మమ్మలో నానమ్మలో చెప్పగా విన్నవారు, తమ గోత్రం, పూర్వీకుల పేర్లు, వారున్న ఊరు పత్రిక చిరునామాకు వ్రాసి పంపగలరు. దత్తతలు జరిగి ఉంటే వాటినీ దాచకుండా తెలపాలని కోరుతున్నాను, ఎందుకంటే వరుస తప్పేది సాధారణంగా అక్కడే. శొంఠి వారి రచనగా చెప్పుకొనే వర్ణం గాని స్వరజతి గాని స్వరంతో వ్రాసిన పాత పుస్తకాలున్నా చాలా సంతోషం. తాళపత్రాలు, జాతకాలు, దస్తావేజులు ఉన్నవారు ఛాయాచిత్రాలు మాత్రమే పంపాలి. అసలు ప్రతులను తపాలాలో వేయవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు, చిరిగిపోతాయన్న భయంతో లామినేషన్ అసలే చేయించవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి.