పెర్గేలో ఆగిన గీత

నా చిన్నోడికి, అమ్మ రాస్తున్నది.

మిషన్ ఆస్పత్రి నుంచి నాలుగు నెలలకే తిరిగొచ్చేశావని నాన్న చెప్పారు. నాతో చెప్పడానికి నీకు నోరు రాలేదట. హైదరాబాదులో హాస్టల్లో దిగి, నేను ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతానమ్మా" అని పెట్టేస్తున్నావు. సంఘమంతా నీ తల మీద చేతులుంచి ప్రార్థన చేసి పంపించింది, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రావాలా అని నీ టెన్షన్. నాకు తెలుసు నాన్నా. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నీ చిన్నప్పటి బైబిలు నా దగ్గరే ఉంది. వెనకాల మ్యాపులో అపొస్తలుడు పౌలు సువార్త చెప్పడానికి వెళ్లిన మొదటి ప్రయాణాన్ని ఎర్ర స్కెచ్ పెన్నుతో దిద్దావు. గీత సెలూకయ రేవులో మొదలై, కుప్ర (సైప్రస్) ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, మళ్లీ సముద్రం దాటి పెర్గే దగ్గర ఒడ్డెక్కుతుంది. అక్కడ నువ్వు పెన్ను ఎక్కువసేపు ఆపినట్టున్నావు, సిరా పాకి మచ్చ పడింది. నిన్న రాత్రి ఆ మచ్చ మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పౌలు, బర్నబాలకు సాయంగా వెళ్లిన మార్కు వెనక్కి తిరిగింది అక్కడే కదా. వాళ్లిద్దరి గీత కొండల్లోకి సాగిపోతుంది. మార్కు యెరూషలేముకు వెళ్లిపోయిన దారికి మ్యాపులో గీతే లేదు.

అతను ఎందుకు వెళ్లిపోయాడో, ఈ ప్రయాణాల కథ రాసిన లూకా ఒక్క ముక్క కూడా రాయలేదు. ముందున్న దారి చూస్తే మాత్రం నాకు ఆశ్చర్యం అనిపించదు. పెర్గే సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లపు నేల. అక్కడి నుంచి పిసిదియలోని అంతియొకయకు వెళ్లాలంటే టారస్ కొండలెక్కి, వెయ్యి మీటర్లకు పైన ఉన్న మెట్ట ప్రాంతానికి చేరాలి. 150 కిలోమీటర్లకు పైగా కాలినడక. తర్వాతి రోజుల్లో పౌలు కొరింథు వాళ్లకు రాస్తూ నదుల వల్ల ఆపదలు, దొంగల వల్ల ఆపదలు అని చెప్పుకున్నాడే, అలాంటి దారులు నడిచినవాడి మాటలవి.

ఆ కొండల అవతల ఏం జరిగిందో చూడు. లుస్త్రలో పౌలు ఒక కుంటివాణ్ణి నడిపిస్తే, దేవుళ్లే దిగొచ్చారని ఊరంతా ఎద్దుల్నీ పూలదండల్నీ తెచ్చి బలి ఇవ్వబోయింది. అంతలో అంతియొకయ, ఈకొనియ నుంచి కొందరొచ్చి జనం మనసు మార్చేశారు. దండలు తెచ్చిన ఊళ్లోనే పౌలును రాళ్లతో కొట్టి, చచ్చిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పారేశారు. శిష్యులు చుట్టూ నిలబడి ఉండగా ఆయన లేచాడు. లేచి మళ్లీ అదే ఊళ్లోకి వెళ్లాడు. తెల్లారి దెర్బేకు బయల్దేరాడు. ఆ ఒళ్లుతో ఎలా నడిచాడో, ఆ రాత్రి ఎవరింట్లో గాయాలు కడిగారో నేను ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను. దెర్బే నుంచి తూర్పుగా పోతే సొంతూరు తార్సు వస్తుంది. ఆయన అటు పోలేదు. రాళ్లు వేసిన లుస్త్రకే తిరిగి వెళ్లాడు, అక్కడ నమ్మినవాళ్లను పలకరించడానికి.

ఒక్కోసారి 39 చొప్పున అయిదుసార్లు కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తాల దెబ్బలు, మూడుసార్లు ఓడ పగలడం, ఒక రాత్రీ పగలూ సముద్రంలోనే గడపడం. ఇదంతా పౌలు తాను పడ్డవాటి గురించి కొరింథు వాళ్లకు రాసిన లెక్క, అదీ మెలితే (మాల్టా) ద్వీపం దగ్గర 276 మందితో ఉన్న ఓడ బద్దలవడానికి ముందు.

ఇవన్నీ చెప్పి నీ కష్టం చిన్నదనడం లేదు. మూడుసార్లు జ్వరం, రాని భాష, వరసగా నైట్ డ్యూటీలు, ల్యాబులో నువ్వొక్కడివే. నాకు నాన్న అన్నీ చెప్పారు. నేను ఆలోచిస్తున్నది మార్కు అమ్మ మరియ గురించి. యెరూషలేములో అందరూ ప్రార్థనకు కూడుకునే ఇల్లు ఆవిడది. పేతురు చెరసాల నుంచి బయటపడి వచ్చి తలుపు కొట్టింది ఆ ఇంటికే. గొంతు గుర్తుపట్టిన పనిపిల్ల రొదే, సంతోషం పట్టలేక తలుపు తీయకుండానే లోపలికి పరుగెత్తింది. మరి కొడుకు మధ్యలోనే తిరిగొచ్చి అదే తలుపు కొట్టినప్పుడు మరియ ఏమంది? ఎక్కడా రాయలేదు. ఏమీ అడగకుండా ముందు కాళ్లకు నీళ్లిచ్చి ఉంటుందని నా నమ్మకం.

రెండో ప్రయాణానికి మార్కును తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు. అంత పెద్దవాళ్లు అతని గురించి గొడవపడి విడిపోయారు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని మళ్లీ కుప్రకే ఓడెక్కాడు. నాకు బర్నబా అంటే అందుకే అంత ఇష్టం. ఏళ్లు గడిచాయి. సంకెళ్లలో ఉన్న పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన ఉత్తరం చివర్లో త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తెమ్మన్నాడు, చర్మపు కాగితాలు తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. ఆ మాటల పక్కనే మార్కును కూడా వెంటబెట్టుకుని రా, నా పరిచర్యకు పనికొస్తాడు అన్నాడు. ఒకప్పుడు వద్దన్న మనిషినే.

మన నెల్లూరుకు 1840లో వచ్చిన మిషనరీ డే దొరగారు కూడా ఆరోగ్యం పాడై అమెరికా వెళ్లిపోయారు. 1849లో జూవెట్ అనే మిషనరీ దంపతులతో కలిసి మళ్లీ వచ్చారు. నువ్వు మళ్లీ వెళ్లాలని నేను అనడం లేదు. ముందు ఒళ్లు బాగుచేసుకో. మందులు కోర్సు పూర్తయ్యేదాకా వాడు.

ఈ శనివారం రాత్రి రైలుకు ఒంగోలు వచ్చెయ్. ఆదివారం గుడికి వస్తావా లేదా అన్నది నీ ఇష్టం, నేను అడగను. ఎంత ఆలస్యమైనా తలుపు కొట్టు, నేనే తీస్తాను.

నీ అమ్మ