స్కూల్లో చేరతానన్నావు కదా

అమ్మలూ,

వచ్చే ఏడాది స్కూల్లో చేరతానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి, "ఇన్నాళ్లూ పంపకుండా ఉంచి ఇప్పుడేంటి?" అన్నట్టు అందరూ నా మొహమే చూస్తున్నారు. నాకైతే సంతోషంగానే ఉంది. నిన్ను బడికి దూరంగా పెంచాలన్నది మా ఉద్దేశం కాదు. ఏం నేర్చుకోవాలో, ఎప్పుడు నేర్చుకోవాలో నువ్వే తేల్చుకోవాలనుకున్నాం. ఇప్పుడు బడి కావాలని తేల్చుకున్నావు, అంతే కదా.

నీకు ఎనిమిదేళ్లప్పుడు సైకిల్ చైన్ ఊడింది గుర్తుందా? దాన్ని ఎక్కించడం మానేసి, చైన్ పట్టే చక్రాల పళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టావు. లెక్క తప్పకుండా ఒక పన్నుకి సుద్దతో గుర్తు పెట్టుకున్నావు. ముందు 44, వెనక 22. తర్వాత చైన్ ఎక్కించి, సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, పెడల్ మెల్లగా ఒక చుట్టు తిప్పావు. వెనక చక్రం రెండు చుట్లు తిరిగింది. "ఓహో, అందుకా!" అని నువ్వు అరిచినప్పుడు నిష్పత్తుల పాఠం నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పిల్లల్ని ఇలా పెంచడంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే, నోరు మూసుకుని పక్కన కూర్చోవడం.

పిల్లల్ని బడికి పంపకుండా, వాళ్లకు నచ్చినట్టు నేర్చుకోనివ్వడాన్ని అన్‌స్కూలింగ్ అంటారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన జాన్ హోల్ట్ కూడా ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పినవాడే. బడుల్ని మార్చడం అయ్యే పని కాదనిపించి, 1977లో బోస్టన్ నుంచి, పిల్లల్ని బడికి పంపని కుటుంబాల కోసం పత్రిక మొదలుపెట్టాడు. అంతకన్నా నాకు నచ్చేది, ఆయన నడివయసులో చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్ద వాయిద్యం) పట్టుకుని ఓనమాల నుంచి నేర్చుకోవడం. (మీ నాన్న వయొలిన్ మోతను మనం భరిస్తున్నదీ అందుకే.)

అలాగని ఇది అందరికీ సరిపడే దారి అనను. ఇలా పెరిగి పెద్దయిన 75 మందిని మనస్తత్వవేత్త పీటర్ గ్రే అడిగి చూస్తే, 83 శాతం మంది ఏదో ఒక రకమైన ఉన్నత విద్యకు వెళ్లారని తేలింది. వినడానికి బాగానే ఉంది. కానీ వాళ్లంతా తమంతట తాము ముందుకొచ్చి జవాబిచ్చినవాళ్లు. చేదు అనుభవం ఉన్నవాళ్లు ఎంతమంది మాట్లాడకుండా ఉండిపోయారో! అందుకే ఆ అంకె చూసి నేను మరీ పొంగిపోను.

నీకూ లోటు ఉంది. గబగబా రాయడం అలవాటు లేదు, మూడు గంటలు కదలకుండా పరీక్ష రాయడం తెలీదు. మొదట్లో టెన్షన్ పడతావు. కొన్నాళ్లకు అవి వచ్చేస్తాయి. మంచి పట్టులో ఉండగా గంట కొడితే పుస్తకం మూసేయాలి చూడు, అది మాత్రం నీకు ఒళ్లు మండిస్తుంది. "సిలబస్‌లో లేదు" అని ఎవరైనా అంటే వాళ్లతో వాదించకు, ఆ ప్రశ్న ఇంటికి పట్టుకురా.

నచ్చకపోతే మానేయొచ్చు. కాకపోతే ఒక టర్మ్ అయినా గడిచాక చెప్పు.

దరఖాస్తు నీ టేబుల్ మీద పెట్టాను. "ఇంతకుముందు చదివిన పాఠశాల" అన్న చోట ఏం రాస్తావో నీ ఇష్టం. సంతకం నేను పెడతాను.

అమ్మ